క్షార లోహాల ఎలక్ట్రాన్ విన్యాసాన్ని జడ వాయువులతో పోల్చి రాయడం ఎలా?

ఆవర్తన పట్టికలో క్షార లోహాలు ఎడమ అంచున, జడ వాయువులు కుడి అంచున ఉంటాయి. మధ్యలో పట్టిక వెడల్పంతా అడ్డంగా ఉండడం వల్ల ఈ రెండు కుటుంబాలకు సంబంధమే లేదని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. పరమాణు సంఖ్యల వరుసలో చూస్తే మాత్రం ఇవి ఇరుగుపొరుగువి. నియాన్ 10, సోడియం 11. ఆర్గాన్ 18, పొటాషియం 19. పట్టిక ముద్రించిన కాగితాన్ని గొట్టంలా చుట్టి రెండు అంచులనూ కలిపి చూడండి, ప్రతి జడ వాయువుకూ ఆనుకొని, ఒక వరుస కిందుగా, దాని తరువాతి క్షార లోహం వచ్చి నిలుస్తుంది. ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్ పెరిగినంత మాత్రాన, దేనితోనూ సులభంగా కలవని వాయువు తరువాత నీరు తగలగానే తీవ్రంగా చర్య జరిపే లోహం ఎందుకు వస్తుందో తెలియాలంటే, రెండింటి విన్యాసాలనూ, అంటే ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ ఎన్నెన్ని ఉన్నాయో చూపే అమరికలనూ, పక్కపక్కన రాసి, అంకెలతో సరిచూడాలి. ఆ పనిని మెట్టు మెట్టుగా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: జతలను రాసుకోండి

హీలియం–లిథియం (2, 3), నియాన్–సోడియం (10, 11), ఆర్గాన్–పొటాషియం (18, 19), క్రిప్టాన్–రుబీడియం (36, 37), జెనాన్–సీజియం (54, 55), రేడాన్–ఫ్రాన్షియం (86, 87). ఇవే ఆరు జతలు. వీటిని బట్టీ పట్టవలసిన అవసరం లేదు. 2తో మొదలుపెట్టి వరుసగా 8, 8, 18, 18, 32 కలుపుతూ పోతే జడ వాయువుల పరమాణు సంఖ్యలు వాటంతట అవే వస్తాయి. ఒక్కొక్కదానికి ఒకటి కలిపితే క్షార లోహం వస్తుంది. ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ కర్పరాలలో, వాటి లోపలి ఎస్, పి, డి, ఎఫ్ అనే ఉపకర్పరాలలో ఉంటాయి. ఆ 8లో ఒక ఎస్ ఉపకర్పరపు 2, ఒక పి ఉపకర్పరపు 6 ఎలక్ట్రాన్లు ఉన్నాయి. 18లో వాటికి డి ఉపకర్పరపు 10, 32లో మరింకా ఎఫ్ ఉపకర్పరపు 14 చేరాయి.

జతలు కట్టేటప్పుడు పరమాణు భారాన్ని కాకుండా పరమాణు సంఖ్యనే ఆధారంగా తీసుకోండి. ఆర్గాన్ పరమాణు భారం 39.95, పొటాషియంది 39.10. భారం ప్రకారం పేరిస్తే పొటాషియం ముందుకు, ఆర్గాన్ వెనక్కు వెళ్లి, రెండు కుటుంబాలూ కలగాపులగం అవుతాయి. 1869లో మెండలీవ్ తన పట్టికను ప్రకటించినప్పుడు జడ వాయువుల కుటుంబమే అందులో లేదు. ఆర్గాన్‌ను 1894లో రాలీ, రామ్సే కనుగొన్నప్పుడు ఈ తలకిందుల వరుస పెద్ద చిక్కే అయింది. 1913లో మోస్లే ఎక్స్ కిరణాల వర్ణపటాలను కొలిచి, మూలకం స్థానాన్ని నిర్ణయించేది కేంద్రక ఆవేశమేనని చూపాక ఆ చిక్కు విడింది.

రెండవ మెట్టు: పూర్తి విన్యాసం రాయండి

ఎలక్ట్రాన్లను నింపే క్రమం ఇది: 1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్, 3పి, 4ఎస్, 3డి, 4పి, 5ఎస్, 4డి, 5పి, 6ఎస్, 4ఎఫ్, 5డి, 6పి, 7ఎస్. ప్రధాన క్వాంటం సంఖ్య (కర్పరం సంఖ్య), ఎజిముతల్ క్వాంటం సంఖ్య (ఎస్‌కు 0, పికి 1, డికి 2, ఎఫ్‌కు 3)ల మొత్తం ఏ ఉపకర్పరానికి తక్కువో అది ముందు నిండుతుంది. మొత్తాలు సమానమైతే ప్రధాన క్వాంటం సంఖ్య తక్కువగా ఉన్నది ముందు నిండుతుంది. ఎస్‌లో 2, పి‌లో 6, డి‌లో 10, ఎఫ్‌లో 14 మించకుండా నింపుతూ పోవాలి.

నియాన్‌కు 10 ఎలక్ట్రాన్లు కనుక 1ఎస్² 2ఎస్² 2పి⁶ అని రాస్తాము. సోడియానికి 11 కనుక 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్¹ అవుతుంది. రాసిన ప్రతిసారీ పైన ఉన్న చిన్న అంకెలను కూడి, మొత్తం పరమాణు సంఖ్యతో సరిపోతుందో లేదో చూసుకోండి. 2, 2, 6, 1 కలిపితే 11. అరక్షణం పట్టే ఈ పని సగం తప్పులను ఆపుతుంది.

పొటాషియం దగ్గర కొంచెం నిలబడాలి, ఎందుకంటే ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. మూడవ కర్పరంలో 18 ఎలక్ట్రాన్లకు చోటు ఉందని చదువుకున్న విద్యార్థి, ఆర్గాన్ 18 ఎలక్ట్రాన్ల తరువాత వచ్చే 19వ ఎలక్ట్రాన్‌ను కూడా మూడవ కర్పరంలోనే వేసి, 2, 8, 9 అని రాస్తాడు. అతని తర్కంలో లోపం లేదు. తెలియవలసిన ఒక విషయం మాత్రం తెలియలేదు. 4ఎస్ ఎలక్ట్రాన్ సగటున కేంద్రకానికి దూరంగా ఉన్నప్పటికీ, దాని మేఘంలో కొంత భాగం లోపలి ఎలక్ట్రాన్లను చొచ్చుకొని కేంద్రకం దగ్గర దాకా వెళుతుంది. 3డి ఎలక్ట్రాన్‌కు అలా చొచ్చుకుపోయే గుణం చాలా తక్కువ. కేంద్రకపు ఆకర్షణను దగ్గరగా చవిచూసిన 4ఎస్ శక్తి అందువల్ల తగ్గుతుంది. పొటాషియం పరమాణువులో ఆ చివరి ఎలక్ట్రాన్‌ను 4ఎస్ నుంచి 3డికి లేపాలంటే సుమారు 2.67 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణు స్థాయి శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి ఇవ్వాలని వర్ణపటం చెబుతుంది. కనుక సరైన విన్యాసం 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 4ఎస్¹, కర్పరాల వారీగా 2, 8, 8, 1.

మూడవ మెట్టు: జడ వాయువును బ్రాకెట్లో పెట్టి కుదించండి

సోడియం విన్యాసంలో మొదటి పది ఎలక్ట్రాన్ల అమరిక నియాన్ అమరికే. దానిని మళ్లీ మళ్లీ రాయకుండా [నియాన్] 3ఎస్¹ అంటే సరిపోతుంది. అదే పద్ధతిలో:

లిథియం: [హీలియం] 2ఎస్¹
సోడియం: [నియాన్] 3ఎస్¹
పొటాషియం: [ఆర్గాన్] 4ఎస్¹
రుబీడియం: [క్రిప్టాన్] 5ఎస్¹
సీజియం: [జెనాన్] 6ఎస్¹
ఫ్రాన్షియం: [రేడాన్] 7ఎస్¹

ఎస్ ముందున్న అంకె ఆ మూలకం ఉన్న పీరియడ్ (పట్టికలోని అడ్డు వరుస) సంఖ్యే. బ్రాకెట్లో ఎప్పుడూ ఆ మూలకానికి సరిగ్గా ముందు వచ్చే జడ వాయువే ఉండాలి. పట్టికలో అదే వరుస చివర కనిపిస్తున్నదని సోడియానికి ఆర్గాన్‌ను రాయకూడదు. ఆర్గాన్‌లో 18 ఎలక్ట్రాన్లు ఉన్నాయి, సోడియానికి ఉన్నవే 11. అలాగే జడ వాయువు కాని మూలకాన్ని బ్రాకెట్లో పెట్టకూడదు.

కుదించిన రూపం రాయడం వచ్చాక పూర్తి రూపాన్ని మరిచిపోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. [జెనాన్] 6ఎస్¹ అని చకచకా రాసే విద్యార్థిని ఆ బ్రాకెట్లో ఏముందని అడిగితే చాలాసార్లు జవాబు రాదు. సీజియాన్ని ఒక్కసారైనా విప్పి రాయండి: 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 4ఎస్² 3డి¹⁰ 4పి⁶ 5ఎస్² 4డి¹⁰ 5పి⁶ 6ఎస్¹. కూడితే 55. 4ఎఫ్ ఇంకా ఖాళీగానే ఉందని ఇలా విప్పినప్పుడే కంటికి కనబడుతుంది.

నాలుగవ మెట్టు: పక్కపక్కన పెట్టి చూడండి

హీలియాన్ని మినహాయిస్తే ప్రతి జడ వాయువులోనూ చివరి కర్పరంలో ఎస్² పి⁶ అమరికలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉంటాయి. హీలియానికి 1ఎస్² మాత్రమే, ఎందుకంటే మొదటి కర్పరంలో పి ఉపకర్పరం లేదు. క్షార లోహాలలో ఆ ఎనిమిది చివరి నుంచి రెండవ కర్పరంలోకి చేరి, వాటి వెలుపల కొత్త కర్పరంలో ఒకే ఒక్క ఎస్ ఎలక్ట్రాన్ ఉంటుంది. లిథియంలో లోపలున్నవి ఎనిమిది కాకుండా రెండే. పరీక్షలో "క్షార లోహాలన్నింటిలో ఉపాంత్య కర్పరంలో 8 ఎలక్ట్రాన్లు ఉంటాయి" అని రాసేవారు లిథియాన్ని మినహాయించి రాయడం మరవకూడదు.

ఇక్కడే ఒక పాత అపోహను సరిదిద్దుకోవాలి. జడ వాయువులో కర్పరాలన్నీ పూర్తిగా నిండి ఉంటాయని చాలా చోట్ల చెబుతారు. ఇది హీలియం, నియాన్‌లకు మాత్రమే నిజం. ఆర్గాన్ మూడవ కర్పరంలో 8 ఎలక్ట్రాన్లే ఉన్నాయి, 3డి మొత్తం ఖాళీ. క్రిప్టాన్‌లో 4డి, 4ఎఫ్ ఖాళీ. జెనాన్‌లో 4ఎఫ్, 5డి, 5ఎఫ్ ఖాళీ. జడ వాయువుకు గుర్తు చివరి ఎస్, పి ఉపకర్పరాలు నిండడం, ఆ తరువాత అందుబాటులో ఉన్న స్థాయి శక్తిలో చాలా ఎత్తున ఉండడం. ఈ తేడా గ్రహిస్తే పొటాషియం 19వ ఎలక్ట్రాన్ ప్రశ్న మళ్లీ తలెత్తదు. ఆర్గాన్ దగ్గర కర్పరం నిండకపోయినా ఒక అంతస్తు ముగిసిందని అర్థమవుతుంది. కర్పరాల లెక్కలో రుబీడియం 2, 8, 18, 8, 1గానూ, సీజియం 2, 8, 18, 18, 8, 1గానూ రావడానికి కారణం కూడా ఇదే.

జడ వాయువుకూ క్షార లోహానికీ మధ్య ఉన్న శక్తి దూరాన్ని కళ్లతో చూడగల ఉదాహరణ ఒకటి ఉంది. ఉప్పును మంటలో పెడితే వచ్చే పసుపు రంగు, నియాన్ దీపపు నారింజ ఎరుపు రంగు రెండూ 3పి స్థాయి నుంచి 3ఎస్ స్థాయికి దిగే ఎలక్ట్రాన్ ఇచ్చే వెలుగులే. సోడియంలో ఆ ఎలక్ట్రాన్ మొదటి నుంచీ 3ఎస్‌లోనే ఉంది, 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు అందితే 3పికి ఎక్కి, దిగేటప్పుడు 589 నానోమీటర్ల పసుపు కాంతిని విడుస్తుంది. మామూలు మంట ఆ పని చేయగలదు. నియాన్‌లో 3ఎస్ ఖాళీ. నిండిన 2పి నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను 3ఎస్ దాకా లేపడానికే 16.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, 3పికి అంతకన్నా ఎక్కువ కావాలి. మంట వేడి దానికి చాలదు. గొట్టంలో విద్యుత్ ఉత్సర్గం జరపాలి. ఈ రెండు రంగులను తలుచుకున్నప్పుడల్లా 3ఎస్¹ అన్న చిన్న గుర్తు బరువు ఎంతో నాకు కొత్తగా తెలుస్తుంది.

ఐదవ మెట్టు: అయనీకరణ శక్తులతో సరిచూడండి

విన్యాసం కాగితం మీద రాసిన గుర్తు మాత్రమే కాదని తెలిసేది ఇక్కడ. మొదటి అయనీకరణ శక్తులు (పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తీయడానికి కావలసిన శక్తులు), మోల్‌కు కిలోజౌళ్లలో, ఇలా ఉన్నాయి: హీలియం 2372, లిథియం 520, నియాన్ 2081, సోడియం 496, ఆర్గాన్ 1521, పొటాషియం 419, క్రిప్టాన్ 1351, రుబీడియం 403, జెనాన్ 1170, సీజియం 376, రేడాన్ 1037, ఫ్రాన్షియం 393. ప్రతి జతలోనూ జడ వాయువు దగ్గర శిఖరం, వెంటనే క్షార లోహం దగ్గర లోయ.

ప్రోటాన్ ఒకటి పెరిగినప్పుడు ఆకర్షణ పెరగాలి కదా, ఎలక్ట్రాన్ ఇంత సులభంగా ఎందుకు వస్తున్నది? స్లేటర్ 1930లో ఇచ్చిన నియమాలతో ఒక చిన్న లెక్క చేసి చూడండి. నియాన్‌లోని ఒక 2పి ఎలక్ట్రాన్‌కు అదే కర్పరంలోని మిగతా ఏడు ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటి 0.35 చొప్పున, లోపలి 1ఎస్‌లోని రెండు 0.85 చొప్పున కేంద్రకాన్ని అడ్డుకుంటాయి. మొత్తం 4.15. కేంద్రక ఆవేశం 10లో అది తీసేస్తే ఆ ఎలక్ట్రాన్ అనుభవించే ఆవేశం, అంటే ఫలిత కేంద్రక ఆవేశం, 5.85. సోడియంలోని 3ఎస్ ఎలక్ట్రాన్‌కు రెండవ కర్పరంలోని ఎనిమిది 0.85 చొప్పున, మొదటి కర్పరంలోని రెండు 1.00 చొప్పున అడ్డు. మొత్తం 8.80. కేంద్రక ఆవేశం 11లో అది పోగా మిగిలేది 2.20. పైగా ఆ ఎలక్ట్రాన్ మూడవ కర్పరంలో, మరింత దూరంలో ఉంది. కొత్తగా వచ్చిన ప్రోటాన్ బలం అందరికీ పంచబడింది, కొత్త ఎలక్ట్రాన్ మాత్రం పది ఎలక్ట్రాన్ల తెర వెనుక నిలబడింది.

తరువాత రెండవ అయనీకరణ శక్తిని చూడండి. సోడియం నుంచి మొదటి ఎలక్ట్రాన్ తీయడానికి 496 కిలోజౌళ్లు, రెండవది తీయడానికి 4562. తొమ్మిది రెట్లకు పైన. పక్కనే ఉన్న మెగ్నీషియానికి ఈ విలువలు 738, 1451. దాని మూడవదానికి మాత్రం 7733. పెద్ద దూకుడు ఎక్కడ వచ్చిందో అక్కడ నియాన్ అమరిక బయటపడిందని అర్థం. మీకు మూలకం పేరు చెప్పకుండా అయనీకరణ శక్తుల వరుస మాత్రమే ఇస్తే, మొదటి విలువకూ రెండవ విలువకూ మధ్య ఇలాంటి అగాధం కనబడగానే అది క్షార లోహమని ధైర్యంగా చెప్పవచ్చు.

కిందికి పోయేకొద్దీ రెండు కుటుంబాలలోనూ విలువలు తగ్గుతాయి, అయితే జడ వాయువులలో ఆ పతనం చాలా పెద్దది. జెనాన్ దగ్గరకు వచ్చేసరికి 1170కి చేరింది. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి సుమారు 1165. రసాయన శాస్త్రవేత్త నీల్ బార్ట్‌లెట్ ఈ రెండు అంకెల దగ్గరితనాన్ని గమనించి, ఆక్సిజన్‌తో చర్య జరిపిన ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ జెనాన్‌తోనూ జరపాలని ఆలోచించి, 1962లో మొదటి జెనాన్ సమ్మేళనాన్ని తయారుచేశాడు. నిండిన ఎస్, పి ఉపకర్పరాలు ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే తీరుగా జడంగా ఉండవు. క్షార లోహాల వరుసలో ఫ్రాన్షియం విలువ సీజియం కన్నా కొంచెం ఎక్కువ ఉండడాన్ని కూడా గమనించే ఉంటారు. భారీ కేంద్రకం దగ్గర ఎస్ ఎలక్ట్రాన్ల వేగం బాగా పెరిగి, సాపేక్షతా ప్రభావం వల్ల 7ఎస్ కొంత కుంచించుకుపోవడమే దానికి కారణం.

ఆరవ మెట్టు: అయాన్ విన్యాసం రాయండి, మాట జాగ్రత్తగా వాడండి

సోడియం అయాన్‌కు 1ఎస్² 2ఎస్² 2పి⁶ అని రాయాలి. [నియాన్] అని రాసినా సరే. అయితే "సోడియం ఎలక్ట్రాన్‌ను కోల్పోయి నియాన్‌గా మారుతుంది" అనే వాక్యం మాత్రం రాయవద్దు. కేంద్రకంలో 11 ప్రోటాన్లు అలాగే ఉన్నాయి, అది సోడియమే. నియాన్, సోడియం అయాన్, మెగ్నీషియం అయాన్ మూడింటిలోనూ పదేసి ఎలక్ట్రాన్లు ఒకే అమరికలో ఉన్నా, వాటి నుంచి ఒక ఎలక్ట్రాన్ తీయడానికి వరుసగా 2081, 4562, 7733 కిలోజౌళ్లు కావాలి. ఒకే విన్యాసం, వేరువేరు కేంద్రకాలు. బయటి కర్పరమే తొలగిపోయింది కనుక పరిమాణం కూడా కుంచించుకుపోతుంది. సోడియం లోహ వ్యాసార్థం 186 పికోమీటర్లు, సోడియం అయాన్‌ది 102.

"జడ వాయువు విన్యాసం పొందాలని సోడియం కోరుకుంటుంది" అనే మాట కూడా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. మొదలుపెట్టే పిల్లలకు గుర్తుండడానికి అది పనికివస్తుంది, కానీ అక్కడే ఆగిపోతే రసాయన శాస్త్రం తప్పిపోతుంది. ఒంటరి సోడియం పరమాణువు తనంతట తాను ఎలక్ట్రాన్‌ను వదలదు. 496 కిలోజౌళ్లు ఎవరో ఒకరు చెల్లించాలి. క్లోరిన్ ఎలక్ట్రాన్‌ను తీసుకుంటే విడుదలయ్యేది 349 మాత్రమే, ఇంకా లోటే. ఆ లోటును పూడ్చేది అయాన్లు స్ఫటికంగా పేరుకున్నప్పుడు విడుదలయ్యే సుమారు 787 కిలోజౌళ్ల జాలక శక్తి. నిజానికి సోడియం పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకున్నా 53 కిలోజౌళ్లు విడుదలవుతాయి, అప్పుడు విన్యాసం [నియాన్] 3ఎస్² అవుతుంది. అలాంటి సోడియం రుణ అయాన్ ఉన్న స్ఫటిక లవణాన్ని జేమ్స్ డై బృందం 1974లో ప్రకటించింది. నియాన్ మాత్రం అదనపు ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచుకోలేదు. కనుక జవాబులో "3ఎస్ ఎలక్ట్రాన్‌పై ఫలిత కేంద్రక ఆవేశం తక్కువ కనుక అది తక్కువ శక్తితో తొలగుతుంది, 2పి ఎలక్ట్రాన్‌ను తీయడానికి అవసరమయ్యే శక్తి చర్యలలో దొరకదు" అని రాయండి. వాక్యం కొంచెం పెద్దదైనా ప్రతి ముక్కా నిజం.

హైడ్రోజన్ సంగతి ఒక్క మాటలో: 1ఎస్¹ అని రాస్తాము, మొదటి గ్రూపు పైన పెడతాము, అయితే దాని లోపల జడ వాయువు అమరిక ఏదీ లేదు, తెర లేదు, అయనీకరణ శక్తి 1312. అందుకే దానిని క్షార లోహాలలో లెక్కించరు.

ఏడవ మెట్టు: మీరే చేసి చూడండి

రుబీడియం తీసుకోండి, పుస్తకం మూసి రాయండి. 37కు ముందున్న జడ వాయువు 36, క్రిప్టాన్. ఐదవ పీరియడ్ కనుక 5ఎస్¹. విప్పితే 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 4ఎస్² 3డి¹⁰ 4పి⁶ 5ఎస్¹. చిన్న అంకెల మొత్తం 37. అయాన్‌గా మారేటప్పుడు 5ఎస్ ఎలక్ట్రాన్ పోతే మిగిలేది 36, క్రిప్టాన్ అమరిక. మొదటి అయనీకరణ శక్తి 403, రెండవది 2633. దూకుడు ఉండవలసిన చోటే ఉంది.

ఇది సరిగ్గా వస్తే ఇంకొక్కటి ప్రయత్నించండి. 86కు 32 కలిపితే 118, ఒగనెస్సాన్. ఆ పేరు 2016లో ఖరారైంది. దాని తరువాతి 119వ మూలకాన్ని ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు. అయినా దాని విన్యాసం [ఒగనెస్సాన్] 8ఎస్¹గా ఉంటుందని శాస్త్రవేత్తలు అంచనా వేస్తున్నారు. పైన చేసిన మెట్లతో మీరు కూడా ఆ గుర్తుకే చేరుకోవాలి.